బ్లాస్టింగు వేళ ఐదో రౌండు

లింగమూర్తి ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయి పని చేశాడు. మొదటి తొమ్మిదేళ్లు భూమి లోపల, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో షాట్‌ఫైరరుగా. బండలో తొలిచిన రంధ్రాల్లో మందు నింపించడం, చుట్టుపక్కల మనుషులను, బండ్లను దూరంగా పంపించడం, సైరన్ కొట్టించి పేల్చడం, ఇదీ అతని ఉద్యోగం. దిగిపోయేనాటికి ఎడమ చెవి సగమే వినిపించేది. ఎవరైనా మాట్లాడితే కుడి చెవిని వాళ్లవైపు తిప్పి నిలబడేవాడు. కొత్తవాళ్లు తమ మాట నచ్చక మొహం తిప్పుకున్నాడని అనుకునేవాళ్లు.

అతనితో పాటు పనిచేసిన ఎల్లేశం ఒకసారి, పేలకుండా మిగిలిన రంధ్రం దగ్గరికి ఆగాల్సిన అరగంట ఆగకుండా వెళ్లాడు. ఎవరూ పొమ్మనలేదు. షిఫ్టు అయిపోతోందని తనే తొందరపడ్డాడు. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఆ సాయంత్రం దవాఖానలో మంచం పక్కన కూర్చుని లింగమూర్తి ఒక నిర్ణయం తీసుకున్నాడు. పేల్చే మనిషితో జల్ది కానీయమని ఇక ఎన్నడూ అనకూడదు. అనలేదు కూడా.

చదరంగం అతనికి దవాఖానలోనే అబ్బింది. భూమి లోపల పనిచేసే రోజుల్లో పైకప్పు పెళ్ల కూలి కాలు విరిగితే ఆరు వారాలు మంచం మీద ఉన్నాడు. పక్క మంచం మీది సర్వేయరు పొద్దుపోక నేర్పాడు. కాలు అతుక్కుంది, ఆట వదల్లేదు. తర్వాత ప్రతి ఆదివారం కార్మికుల క్లబ్బులో కాలనీ పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. వాళ్లలో బాగా ఆడేవాళ్లను వెంటబెట్టుకుని కరీంనగర్, వరంగల్, హైదరాబాద్ పోటీలకు తిరిగాడు. స్టేషన్లలో పడుకున్నారు, ఫంక్షన్ హాళ్ల మెట్ల మీద అన్నం తిన్నారు. ఒకసారి ఖమ్మంలో వానకు లాడ్జీలన్నీ నిండిపోతే, నలుగురు పిల్లలతో బస్టాండులో నిలబడ్డ అతన్ని ఒక దర్జీ తన ఇంటికి తీసుకుపోయాడు. ఆ నలుగురిలో లింగమూర్తి కూతురు జమున ఒకతె. మర్నాడు ఆమె రెండు ఆటలు గెలిచింది. ఇప్పుడు పెద్దపల్లిలో నర్సుగా పనిచేస్తున్న జమునకు ఆ ఆటలు గుర్తు లేవు గానీ, దర్జీ భార్య తడిసిన తల తుడవమని ఇచ్చిన పాత చీర ముక్క గుర్తుంది.

ఆ జమునే ఒకరోజు తండ్రి ఫోనుకు ఒక ప్రకటన పంపింది. హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థ చదరంగం పోటీలకు ఊళ్లను వెతుకుతోంది. పోటీకి వచ్చేవాళ్లకు ఆ ఊరు బస ఇవ్వాలి, హాలు చూపాలి, వీలైతే చుట్టుపక్కల చూడదగ్గవి చూపాలి. నిర్వాహకులకు, ఊరికి మధ్య ఒప్పందం ఈ సంస్థ కుదురుస్తుంది.

"బాపూ, ఇన్నేండ్లు మనమే వాళ్ల ఊళ్లకు పోయినం. ఒక్కసారి మనూరికి పిలువరాదే?" అంది ఫోనులో.

లింగమూర్తి ఫారం నింపాడు. కమ్యూనిటీ హాలు కొలతలు రాశాడు, రామగుండం స్టేషన్ ఎంత దూరమో రాశాడు. గోదావరి ఒడ్డు, వ్యూపాయింటు నుంచి కనిపించే ఓపెన్‌కాస్టు గని కూడా రాశాడు. ఒక గడి దగ్గర మాత్రం అతని పెన్ను ఆగింది. 'హాలు పరిసరాల్లో శబ్దాలు, ప్రకంపనలు' అని ఉంది. హాలుకు కిలోమీటరున్నర దూరంలో రోజూ మధ్యాహ్నం రెండు గంటలప్పుడు బ్లాస్టింగు జరుగుతుంది. అది అతనికి తెలిసినంత బాగా ఆ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. కాసేపు చూసి ఆ గడిలో ఒక గీత గీశాడు.

జులైలో సంస్థ తరఫున సంతోషి అనే అమ్మాయి చూడటానికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. భుజానికి బరువైన సంచి. పొద్దున పదకొండుకు రావాల్సిన రైలు గంటన్నర ఆలస్యమైంది. లింగమూర్తి వేసుకున్న లెక్కంతా అక్కడే తప్పింది. పదకొండున్నరకు హాలు చూపించి, ఒంటిగంటకు ఇంట్లో భోజనం పెట్టించి, రెండింటికల్లా ఆమెను గోదావరి వంతెన దగ్గరికి చేర్చాలని అతను ఆటో మాట్లాడి పెట్టుకున్నాడు.

"ముందుగాల బువ్వ తిందురు మేడం. మా ఇంటామె వండి పెట్టింది. తర్వాత గోదారి చూద్దం. హాలు యాడికి పోతది?"

"భోజనం తర్వాత అంకుల్. హాలు చూడకుండా నాకు తిన్నట్టుండదు," అంది ఆమె.

హాల్లో ఆమె తొందరపడలేదు. కిటికీలు లెక్కపెట్టింది, ఫ్యాన్లు తిప్పి చూసింది, ఆడవాళ్ల బాత్రూములో కుళాయి విప్పి చూసింది. తర్వాత సంచిలోంచి బోర్డు తీసి ఒక బల్ల మీద పరిచి, వెలుతురు ఎలా పడుతుందో చూడటానికి పావులన్నీ పేర్చింది. గోడ గడియారంలో ఒంటిగంట నలభై తొమ్మిది. లింగమూర్తి చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఈరోజు ఏ కారణంగానో బ్లాస్టింగు ఆగితే బాగుండునని ముప్పై ఏళ్లలో మొదటిసారి అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గేసింది. అవతల గనిలో ఆ పని చూస్తున్నవాడు తాబిష్. లింగమూర్తి చేతికింద పని నేర్చుకున్నవాడు. టైము తప్పడు.

ఒంటిగంట యాభై ఆరు. ఆమె కూర్చుని ఏదో రాసుకుంటోంది.

"మేడం, ఒక మాట," అన్నాడు. "ఇంకో నాలుగైదు నిమిషాల్ల సైరన్ కొడ్తరు. దాని ఎనుక బ్లాస్టింగైతది. భయపడకుండ్రి. కానీ భూమి అదురుతది. పావులు గూడ అదురుతయ్."

ఆమె రాయడం ఆపింది. ఫారం తీసి ఆ గడి మీద వేలు పెట్టింది. "ఇక్కడ గీత ఉంది."

"నేనే పెట్టిన."

"ఎందుకు?"

"రాస్తే మీరు రారని."

సంతోషి ఫారం బల్ల మీద పెట్టింది. "కూర్చోండి అంకుల్. చూద్దాం," అంది.

సైరన్ మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. తర్వాత కొంతసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ముందుగా అరికాళ్లకు తెలిసింది, వెనకే కిటికీ అద్దాలు గలగలమన్నాయి, చివరికి చప్పుడు వచ్చింది. బోర్డు మీద పావులన్నీ ఒక్కసారి వణికాయి. నల్ల రాజు ఒరిగి పడి బల్ల అంచుదాకా దొర్లింది. సంతోషి దాన్ని పట్టుకుని మళ్లీ నిలబెట్టి టైము రాసుకుంది.

"రోజూ ఇదే టైమా?"

"ఇదే టైం. వాన, ఉరుములు లేకుంటే."

"ఉంటే?"

ఇంకో అబద్ధం ఆడే అవకాశం అక్కడ ఉంది. లింగమూర్తి తల అడ్డంగా ఊపాడు. "ఉంటే ఆగుతది. ఎంతసేపు ఆగుతదో ఎవ్వలు చెప్పలేరు మేడం."

ఆమె అదీ రాసుకుంది. తర్వాత బస సంగతి అడిగింది. ఊళ్లో మంచి లాడ్జీలు కొన్నే ఉన్నాయి. దసరా సెలవుల వేళకు అవన్నీ కరెంటు ఫ్యాక్టరీ మరమ్మతులకు వచ్చే కాంట్రాక్టు మనుషులతో నిండిపోతాయి. లింగమూర్తి చొక్కా జేబులోంచి నోటుబుక్కు తీశాడు. కాలనీలో ముప్పై ఒక్క క్వార్టర్లవాళ్లు ఒక గది ఇస్తామన్నారు. ఎవరింట్లో ఎందరు పడతారో, ఎవరింట్లో మెట్లు లేవో, ఎవరింట్లో కుక్క ఉందో రాసిపెట్టాడు. "ఎవరిదైనా ఒక ఇల్లు చూపించండి," అంది సంతోషి.

వెనక వరసలో ఉండే సుగ్రా బీ ఇంటికి తీసుకెళ్లాడు. ఆమె భర్త వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి పోయాడు. పిల్లలు పెళ్లిళ్లై నస్పూర్‌లో ఉన్నారు. సుగ్రా బీ వచ్చినామెను కూర్చోబెట్టకముందే చెప్పేసింది.

"రానియ్యి బేటీ, ఎవలనన్న రానియ్యి. నల్లా నీళ్లు పొద్దున ఆరింటికి వస్తయ్, ఏడింటికి పోతయ్. ఆ గంటల తానం చెయ్యనోళ్లు మాత్రం నా ఇంట్ల వద్దు."

సంతోషి మొదటిసారి నవ్వింది. కానీ వెళ్లేటప్పుడు ఏ మాటా ఇవ్వలేదు.

పద్దెనిమిది రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. ఊరిని ఒప్పుకున్నారు. నాలుగు రోజుల పోటీ, ఏడు రౌండ్లు, నూట నలభై ఎనిమిది మంది ఆటగాళ్లు. వాళ్లలో బయటి ఊళ్లవాళ్లు యాభై ఎనిమిది మంది. మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు దాకా ఆట ఉండదు, బ్లాస్టింగు ఆ మధ్యలో అయిపోవాలి. హాల్లో ఆ సంగతి తెలిసిన మనిషి ఒకరు పూర్తిగా బాధ్యత తీసుకోవాలి. చివరి వాక్యాన్ని లింగమూర్తి భార్య ఐలవ్వ రెండుసార్లు చదివించుకుంది. ఆట మధ్యలో అంతరాయం కలిగితే ఈ ఊరిని జాబితాలోంచి తీసేసే హక్కు సంస్థకు ఉంది.

"అంటే నీ నెత్తిమీద పెట్టిండ్రు," అంది.

"నేనే పెట్టుకున్న."

"ఆ వానదేవునికి గూడ ఉత్తరం రాయరాదు మరి," అంటూ ఆమె లేచి పాత దుప్పట్లు ఎండలో వేయడానికి వెళ్లింది.

దసరా అయిన మూడో రోజున ఆటగాళ్లు దిగారు. లింగమూర్తి ఇంట్లో నిజామాబాద్ నుంచి వచ్చిన జూహీ అనే పందొమ్మిదేళ్ల అమ్మాయి, ఆమె తల్లి దిగారు. జూహీ మాట్లాడేది తక్కువ, తినేది అంతకన్నా తక్కువ. ఈ పోటీలో బాగా ఆడితే విశ్వవిద్యాలయం జట్టులో చోటు దొరుకుతుందని ఆమె తల్లి ఐలవ్వకు చెప్పింది. మొదటి రెండు రోజులు అంతా అనుకున్నట్టే జరిగింది. రెండింటికి బ్లాస్టింగు అయ్యేది, అన్నాలు తింటున్న పిల్లలు కేరింతలు కొట్టేవాళ్లు. పెద్ద ఆర్బిటరు, అంటే ఆటల తీర్పరి, రాజకుమారిది కరీంనగర్. యాభై దాటిన మనిషి, లెక్కల టీచరు. రెండో రోజు సాయంత్రం ఆమె, "మీ బాంబులు నా బడి గంట కంటే నయమన్నా, టైముకు మోగుతున్నయ్," అని మెచ్చుకుంది.

మూడో రోజు పన్నెండున్నరకు గాలి ఆగిపోయింది. ఒంటిగంటకు మంచిర్యాల వైపు ఆకాశం నల్లబడింది. లింగమూర్తి అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి పక్కన పెట్టాడు. రెండింటికి సైరన్ మోగలేదు. రెండుంబావుకు పెద్ద ఉరుము ఉరిమింది, వెంటనే తాబిష్ ఫోను.

"కాకా, పిడుగులు పడుతున్నయ్. అందరిని దూరం పంపిచ్చిన. అరవై రెండు హోల్స్‌ల మందు నింపినం."

"మంచిగ చేసినవ్. అందరు బయటికొచ్చిండ్రా?"

"వచ్చిండ్రు. కానీ కాకా, మీ మూడు గంటల లోపు కాదు."

మందు నింపిన రంధ్రాలను రాత్రికి అలాగే వదిలేయకూడదు. వాన వెలిశాక, పొద్దు గూకేలోపు పేల్చి తీరాలి. ఎప్పుడన్నది మబ్బుల చేతిలో ఉంది. లింగమూర్తి తడుస్తూనే హాలుకు వెళ్లి రాజకుమారికి చెప్పాడు. పక్కనే సంతోషి ఉంది.

"రౌండు ఆపేద్దామా? వాన వెలిసేదాకా?" అంది.

"వెలిసేది నాలుగింటికా, ఐదింటికా? రేపు రెండు రౌండ్లున్నయ్, రాత్రికి రైళ్లున్నయ్," అంది రాజకుమారి. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మొదలుపెడదాం. బ్లాస్టింగు ముందర గడియారాలన్నీ ఆపుదాం. మీరు నాకు ఎంత ముందు చెప్పగలరన్నా?"

"పది నిమిషాలు."

"చాలు. కానీ నాకింకో భయముంది. ఆట మీదుండంగ ఒక్కసారి అదిరితే పిల్లలు లేచి ఉరుకుతరు. ఉన్నయి రెండు తలుపులు. మీరే మైకుల చెప్పుండ్రి."

లింగమూర్తి జీవితంలో మైకు పట్టుకోలేదు. మూడింటికి నూట నలభై ఎనిమిది మంది బల్లల ముందు కూర్చున్నాక, మైకును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. "నేను ఇరవై రెండేండ్లు గదే పని చేసిన," అని మొదలుపెట్టాడు. "ముందుగాల సైరనొస్తది. తర్వాత కాళ్ల కింద గుర్రుమంటది. గంతే. పైకప్పు పడదు, గోడలు పడయ్. నేను గీడనే, మీ నడుమ నిలబడ్త. నేను ఉరికితే మీరు ఉరుకుండ్రి." కొందరు నవ్వారు. కొందరు చిన్నపిల్లలు నవ్వలేదు.

ఐదో రౌండు ఆట మొదలైంది. మూడున్నరకు కూడా వాన పడుతూనే ఉంది. నాలుగు దాటాక సన్నబడింది. లింగమూర్తి ఫోనును కుడి చెవి దగ్గర పట్టుకునే గోడవారగా తిరుగుతున్నాడు. రెండో బల్ల మీద జూహీ ఆడుతోంది. ఎదురుగా వరంగల్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన. నాలుగున్నరకు ఆయన గడియారంలో మూడు నిమిషాలే మిగిలాయి, జూహీకి ఇరవై ఆరున్నాయి. ఆయన చొక్కా చేత్తో నుదురు తుడుచుకుంటున్నాడు. బోర్డు చూస్తే ఇద్దరిదీ చిక్కుగానే ఉంది. కానీ ఆ మూడు నిమిషాల్లో ఆయన ఆ చిక్కు విప్పుకోలేడని లింగమూర్తికి అర్థమైంది. సరిగ్గా అప్పుడే ఫోను అదిరింది.

"కాకా, వెలిసింది. పది నిమిషాల్ల కొడుత."

నాలుగూ నలభైకి, జూహీ చాలాసేపు ఆలోచించి తన ఎత్తు వేయగానే, రాజకుమారి గంట కొట్టింది. డెబ్బై నాలుగు గడియారాలు ఆగాయి. "చేతులు బల్ల కింద పెట్టుకోండి. ఎవరూ పావులు ముట్టొద్దు, మాట్లాడొద్దు, లేవొద్దు," అంది. బయట సైరన్ మోగింది. మూడుసార్లు మోగి ఆగిపోయింది. లింగమూర్తి హాలు మధ్యలో నిలబడ్డాడు.

ఏమీ కాలేదు.

రెండు నిమిషాలు గడిచాయి. నాలుగు గడిచాయి. వెనక బల్ల దగ్గర ఎవరో పిల్ల వెక్కడం మొదలుపెట్టింది. తలుపు దగ్గర తల్లిదండ్రులు గుంపుగా చేరారు. "ఇదేం పోటీ? ఎదుటివాళ్లకు ఆలోచించుకోవడానికి టైమిస్తున్నారా?" అని ఒకాయన గట్టిగా అన్నాడు. రాజకుమారి లింగమూర్తి దగ్గరికి వచ్చింది.

"ఏమైందన్నా?"

అతను ఫోను చేశాడు. తాబిష్ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఈసారి ఎత్తాడు, మాట గబగబా వచ్చింది. "కాకా, గని ఆవలి దిక్కు కట్ట మీద ఎవలో మనిషి కనవడ్తున్నడు. మేకల కోసం ఎక్కినట్టున్నడు. గార్డును పంపిన. ఆయన దిగేదాక కొట్ట."

రాజకుమారికి చెప్పాడు. ఆమె గొంతు తగ్గించింది. "ఆరు నిమిషాలైంది. వీళ్లను నేనింక ఆపలేను. కొంచెం జల్ది చెయ్యమనండి."

లింగమూర్తి తల అడ్డంగా ఊపాడు. "ఆ మాట మాత్రం నేనన మేడం. మీరు పోటీ బందుపెట్టుండ్రి, ఊరి పేరు కొట్టెయ్యుండ్రి. జల్ది చెయ్యమని వానికి చెప్ప."

సంతోషి పక్కనే ఉండి విన్నది. ఏమీ అనకుండా తలుపు దగ్గరికి వెళ్లి, చేతులు చాచి తల్లిదండ్రులకు అడ్డంగా నిలబడింది. "ఒక మనిషి గనిలో ఉన్నాడు. ఆయన బయటికి రాగానే అవుతుంది," అని వాళ్లకు చెప్పింది. గుంపులో మాటలు తగ్గాయి. ఎనిమిది నిమిషాలు. లింగమూర్తి కిటికీలోంచి వెలుతురు చూశాడు. ఇంకో గంట పొద్దుంది. ఆ కట్ట మీది మనిషి ఎవరో, ఎంత నెమ్మదిగా దిగుతున్నాడో, గార్డు కేక వినిపిస్తోందో లేదో. నూట నలభై ఎనిమిది మంది తనవైపే చూస్తున్నారు. కదలకుండా ఉండటానికి ప్యాంటు జేబులో పిడికిలి బిగించాడు.

రెండోసారి సైరన్ మోగింది. నాలుగూ యాభై ఒకటి.

నేల గుర్రుమంది. అద్దాలు మోగాయి. బల్లల మీద వేల పావులు ఒక్కసారిగా చిన్నగా చప్పుడు చేశాయి. అంతదాకా వెక్కిన పిల్ల కెవ్వుమంది, వెంటనే నవ్వింది. ఎవరూ లేవలేదు. లింగమూర్తి ఉన్నచోటనే ఉన్నాడు.

తొమ్మిది బోర్డుల మీద పావులు పక్క గళ్లలోకి జరిగాయి, కొన్ని పడిపోయాయి. ప్రతి ఎత్తూ కాగితం మీద రాసి ఉంటుంది కాబట్టి రాజకుమారి, ఆమె సహాయకులు అవి చూసి మళ్లీ సరిగ్గా పేర్చారు. గడియారాలు కదిలాయి. తాబిష్ నుంచి ఫోను వచ్చింది. అరవై రెండూ పేలాయి, అందరూ బాగున్నారు. లింగమూర్తి గోడకు ఆనుకుని నెమ్మదిగా జారి నేల మీద కూర్చున్నాడు.

అతను లేచేసరికి రెండో బల్ల ఆట అయిపోయింది. మూడు నిమిషాలే మిగిలిన బ్యాంకు ఉద్యోగి, గడియారం కదిలిన మరుక్షణం గుర్రాన్ని తీసి ఎవరూ ఊహించని చోట పెట్టాడు. ఆరు ఎత్తుల్లో జూహీ ఓడిపోయింది.

ఆమె తల్లి ఊరుకోలేదు. రాజకుమారి బల్ల ముందు నిలబడి ఫిర్యాదు రాసింది. ఆగిన పదకొండు నిమిషాలూ అవతలి మనిషికి అప్పనంగా దొరికిన టైమని, ఆట మళ్లీ ఆడించాలని. రాజకుమారి లింగమూర్తిని పిలిచింది.

"ఎంతసేపు ఆగిందో, ఎందుకు ఆగిందో మీరు రాసివ్వాలి. ఇది పైకి పోతది. ఊరికి మంచిది కాదు."

పది నిమిషాల్లో అవుతుందని తాబిష్ చెప్పిన దగ్గర్నుంచి, సైరన్ కొట్టాక కూడా ఆగిన సంగతి దాకా నిమిషాలతో సహా రాసి సంతకం పెట్టాడు. ఈసారి ఎక్కడా గీత గీయలేదు. రాజకుమారి అంతా చదివి, ఆగిన టైము ఇద్దరికీ సమానమే కాబట్టి ఫలితం మారదని తేల్చింది. జూహీ తల్లి కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, లింగమూర్తి వైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లాలంటే అతనికి కాళ్లు రాలేదు. వాళ్లున్నది తన ఇంట్లోనే. వెళ్లేసరికి జూహీ వసారాలో మెట్టు మీద కూర్చుని ఉంది. లోపల ఐలవ్వ ఏదో చెబుతుంటే తల్లి ముభావంగా వింటోంది. లింగమూర్తి చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డాడు.

"బిడ్డా, నా వల్లనే గిట్లైంది. ఈ ఊరికి మిమ్ములను పిలిపిచ్చింది నేనే."

జూహీ మెట్టు మీద కొంచెం పక్కకు జరిగింది. తర్వాత, "నాకు గూడ పదకొండు నిమిషాలు దొరికినయ్ కదా తాతా," అంది. "నేను తలుపు దిక్కు చూసిన, మీ దిక్కు చూసిన. ఎప్పుడు పేలుతదో, పైన పడుతదో అని అదే ఫికర్. ఆయన బోర్డు దిక్కు చూసిండు. అమ్మకు గది చెప్తే కోపమొస్తది. మీరు చెప్పకుండ్రి."

"అన్నం తిను," అన్నాడు లింగమూర్తి.

"ఏముంది?"

"అడిగొస్త," అని లోపలికి వెళ్లాడు.

మర్నాడు జూహీ ఒక ఆట గెలిచింది, ఒకటి సమానం చేసింది. జట్టులో చోటు దొరికిందో లేదో వెళ్లేనాటికి తెలియలేదు. ఆమె తల్లి రైలెక్కేటప్పుడు ఐలవ్వ చేతులు పట్టుకుంది. లింగమూర్తికి మాత్రం తల ఊపి ఊరుకుంది. అది అతనికి చాలా రోజులు మనసులో మెదిలింది.

సంస్థ జవాబు డిసెంబరులో వచ్చింది. అన్ని రోజులూ ఫోను మోగినప్పుడల్లా అతను కూర్చున్నవాడు లేచేవాడు. పెద్ద పోటీలు ఈ ఊరికి ఇక ఇవ్వలేమని రాశారు. పిడుగులు లేని చలికాలంలో, వంద మంది లోపు పోటీలకైతే పేరు జాబితాలో ఉంచుతున్నామన్నారు. కింద సంతోషి తన చేత్తో రెండు వాక్యాలు చేర్చింది. పోటీకి వచ్చి ఇళ్లలో బస చేసిన యాభై ఎనిమిది మందిని అడిగితే నలభై తొమ్మిది మంది మళ్లీ వస్తామన్నారు. ఫిబ్రవరిలో అరవై దాటినవాళ్ల పోటీ ఒకటి ఉంది, డెబ్బై మంది వస్తారు, ఇళ్లు దొరుకుతాయా?

లింగమూర్తి మళ్లీ నోటుబుక్కు పట్టుకుని బయలుదేరాడు. ముప్పై ఒక్క క్వార్టర్లలో నాలుగిళ్లవాళ్లు వద్దన్నారు, ఇద్దరికి బదిలీ అయింది. సుగ్రా బీ తలుపు దగ్గరే నిలబెట్టి అడిగింది. "ముసలోళ్లా భాయ్? గురక పెట్టనోళ్లను చూసి పంపు." కొత్తగా మూడిళ్లవాళ్లు వాళ్లంతట వాళ్లే పిలిచి పేరు రాయించుకున్నారు.

రాత్రి అన్నాలయ్యాక ఐలవ్వ లెక్క చూసింది. "మనింటికి ఎంతమందిని రాసినవ్?"

"ముగ్గురిని."

"ఉన్నయ్ రెండు మంచాలు. నువ్వెక్కడ పంటవ్?"

"హాల్ల పంట. పొద్దున తొమ్మిదింటికే నా ఆట," అన్నాడు. ఫిబ్రవరి పోటీ ఫారం మీద తన వయసు గడిలో అరవై నాలుగు అని రాసుకుంటున్నాడు. ఆట నేర్చిన ఇన్నేళ్లలో ఆటగాళ్ల పట్టికలో తన పేరు రాసుకోవడం అతనికి అదే మొదలు.